మత్తులో ఉన్నవాళ్లకు రాత్రి బస: మెలకువగా ఉండేది ఎవరు?

ప్రశ్న: మేము ఆరుగురం. వీధుల్లో పడుకునేవాళ్లకు కొంతకాలంగా రాత్రిపూట దుప్పట్లు, నీళ్లు, గాయాలకు కట్లు అందిస్తున్నాం. చుట్టుపక్కల ఉన్న రాత్రి ఆశ్రయాలేవీ తాగినవాళ్లను, మత్తులో ఉన్నవాళ్లను గడప దాటనివ్వవు. ఇప్పుడు మాకు ఒక హాలు దొరికింది, 15 పడకలు పడతాయి. రాత్రి 9 నుంచి ఉదయం 7 దాకా తెరవాలని ఉంది. వీధిలో పరిచయమైన నలుగురు తామే నడుపుతామంటున్నారు. వాళ్లలో ఇద్దరు మానేశారు, ఇద్దరు ఇంకా వాడుతున్నారు. వాళ్ల చేతికి అప్పగించవచ్చా? అర్ధరాత్రి ఎవరికైనా ఊపిరి ఆగితే ఏం చేయాలి? లోపల వాడనివ్వాలా, వద్దా?

జవాబు: అప్పగించండి. అయితే ఏం అప్పగిస్తున్నారో ముందు మీ ఆరుగురికీ స్పష్టంగా ఉండాలి. తాళంచెవులు, చీపుర్లు, దుప్పట్ల లెక్క వాళ్లకిచ్చి నిర్ణయాలు మీ దగ్గరే ఉంచుకుంటే, మీరు నడిపే చోట వాళ్లు పనివాళ్లు, అంతే. ఎవరిని లోపలికి రానివ్వాలి, గొడవపడినవాళ్లను ఎంతసేపు బయట ఉంచాలి, పడకలు ఎటు తిప్పి వేయాలి, ఉన్న డబ్బుతో ముందు ఏం కొనాలి: ఈ నాలుగూ వాళ్లు తేల్చాలి. హాలు అద్దె, లెక్కలు, అనుమతులు, ఆసుపత్రితో మాట్లాడటం మీ పని.

మత్తు మందు వాడే మనిషి రాత్రిపూట చనిపోతే, చాలాసార్లు ఆ సమయానికి పక్కన ఎవరూ ఉండరు. ఉన్నా నిద్రలో ఉంటారు. హెరాయిన్, మార్ఫిన్, ఫెంటనిల్, ఆ జాతి నొప్పి మాత్రలు మోతాదు మించినప్పుడు ఊపిరిని నెమ్మదింపజేస్తాయి. ఊపిరి తగ్గాక రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఆ తర్వాతే గుండె ఆగుతుంది. ఈ మధ్యలో కొన్ని నిమిషాలు దొరుకుతాయి. మెలకువగా ఉన్న మనిషి ఆ నిమిషాల్లో దగ్గరికి వెళ్లి చూస్తే ప్రాణం నిలుస్తుంది. మీ హాలు ఉన్నది ముందుగా ఇందుకే. పరుపులూ సలహాలూ ఆ తర్వాత.

ఈ పనికి తోటివాళ్లే, అంటే అదే వీధిలో ఉండి వాడినవాళ్లే, ఎందుకు తగినవాళ్లు? వాళ్లకు నిజం చెబుతారు కనుక. "ఏం వేసుకున్నావు, ఎప్పుడు, దేనితో కలిపి?" అని యూనిఫాం వేసుకున్న మనిషి అడిగితే "ఏమీ లేదన్నా" అనే జవాబే వస్తుంది. వీధిలో పక్కపక్కన పడుకున్న మనిషి అడిగితే "తొమ్మిదింటికి ఒకటి, దాని మీద రెండు నిద్రమాత్రలు" అని చెబుతారు. ఆ రెండు నిద్రమాత్రల సంగతి తెలిస్తే ఆ రాత్రి మీరు చూసే తీరే మారిపోతుంది. పైగా కెనడాలోని వాంకోవర్‌లో 2016లో ఓవర్‌డోస్ మరణాలు పెరిగిపోతుంటే, అనుమతి కోసం ఆగకుండా ఒక సందులో గుడారం వేసి కాపలా కాసింది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు, వాళ్లలో వాడేవాళ్లూ ఉన్నారు. అదే ఏడాది డిసెంబరులో ఆ రాష్ట్ర ఆరోగ్య మంత్రి ఉత్తర్వుతో అలాంటి చోట్లకు ప్రభుత్వ అండ దొరికింది.

ఇక ఇంకా వాడుతున్న ఆ ఇద్దరి సంగతి. "వాడితే పని లేదు" అనే నియమం పెట్టారంటే వాడుతూ దాచుకోవడం నేర్పుతారు. నియమం ఇలా ఉండాలి: వంతులో ఉన్నంతసేపు పని చేయగలిగే స్థితిలో ఉండాలి. ఇక్కడ బయటివాళ్లకు తట్టనిది ఒకటుంది. మత్తు ఎక్కువైన మనిషి ఎంత పనికిరాడో, మందు అందక ఒళ్లు నొప్పులతో, చెమటలతో, విరేచనాలతో ఉన్న మనిషీ అంతే పనికిరాడు. అతను పడకల మధ్య తిరగలేడు, మాటకు మాట విసుగు వస్తుంది. అందుకే వంతు మొదలయ్యే ముందు "వాడావా?" అని అడగకండి, "ఒంట్లో ఎలా ఉంది, అయిదారు గంటలు నిలబడగలవా?" అని అడగండి. నిలబడలేనంటే మారుమనిషి రావాలి. రోజూ ఒకరిని అలా సిద్ధంగా ఉంచి, రావాల్సిన పని పడకపోయినా వాళ్లకు కొంత ఇవ్వండి. వెనక్కి తగ్గినవాళ్లు ఆ రాత్రికి అక్కడే పడుకోవచ్చు. ఆ మాట ముందే అందరికీ తెలిసుంటే ఎవరూ పరువు కోసం తూలుతూ వంతుకు రారు.

15 మందికి ఎప్పుడు చూసినా ముగ్గురు మెలకువగా ఉండాలి. ఒకరు తలుపు దగ్గర, ఒకరు పడకల మధ్య, మూడోవారు మరుగుదొడ్డి వైపు చూస్తూ, మిగతా ఇద్దరికీ విరామం ఇస్తూ. ఒక్కరే ఉండే నిమిషం రానివ్వకండి. ఊపిరి ఆగిన మనిషి దగ్గర ఒకరు ఉంటే, ఫోన్ చేయడానికి ఒకరు, మిగతా పద్నాలుగు మందిని చూడటానికి ఒకరు కావాలి. పది గంటల రాత్రిని ఒకే వంతుగా నడపకండి. తెల్లవారుజామున మూడు, అయిదు గంటల మధ్య ఎంత అలవాటున్నవాళ్లకైనా కళ్లు మూతపడతాయి. రెండు వంతులు పెట్టి, మధ్యలో అరగంట రెండు జట్లూ కలిసి ఉండేలా చూడండి. "ఆ మూలనున్నాయన పదకొండింటికి వచ్చాడు, బాగా తాగి ఉన్నాడు, రెండుసార్లు వాంతి అయింది" లాంటి కబుర్లు చేతులు మారేది ఆ అరగంటలోనే.

ఇప్పుడు మీ లెక్క చూడండి. వంతుకు ముగ్గురు చొప్పున రాత్రికి ఆరుగురు, వాళ్లకు తోడు మారుమనిషి. మీ దగ్గర ఉన్నది నలుగురు. కనుక ఏడు రాత్రులూ తెరవాలన్న ఆలోచన ఇప్పటికి మానండి. మీ ఆరుగురిలో ముగ్గురు వాళ్ల కింద, వాళ్లు చెప్పినట్టు పనిచేయడానికి ఒప్పుకుంటే వారానికి రెండు రాత్రులు నడపవచ్చు. ఎప్పుడూ అవే రెండు రాత్రులు ఉండాలి. రోజూ తెరిచి మూడో వారానికి మనుషులు అలిసిపోయి ఒక రాత్రి చెప్పకుండా మూసేస్తే, ఆ రాత్రి తలుపు దాకా నడిచి వచ్చిన మనిషి మళ్లీ రాడు.

జీతం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అదే పనికి బయటి మనిషికి ఎంత ఇస్తారో అంతే ఇవ్వండి. బ్యాంకు ఖాతా లేనివాళ్లకు పొద్దున్నే చేతికి ఇవ్వండి, నెలాఖరు దాకా ఆపకండి. బస్సు పాసులూ పాత బట్టలూ జీతం కావు.

హాలు అమరిక మీద మాత్రం కొంచెం ఆగుదాం. పడకలను గోడవైపు కాళ్లు, నడిచే దారివైపు తలలు వచ్చేలా వేయండి. మామూలుగా మనుషులు తల గోడవైపు పెట్టుకుంటారు, అలాగైతే మొహం చూడటానికి పక్కవాళ్లను దాటుకుని వెళ్లాలి. తల దారివైపు ఉంటే నడుస్తూనే పెదవులు కనిపిస్తాయి, ఊపిరి వినిపిస్తుంది. పడకకూ పడకకూ మధ్య ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చునేంత జాగా, కనీసం 75 సెంటీమీటర్లు వదలండి. దారి మీటరున్నర ఉంటే స్ట్రెచర్ తిరుగుతుంది. దీపాలు పూర్తిగా ఆర్పకండి, పెదవుల రంగు తెలిసేంత వెలుతురు ఉండాలి. వెలుతురుకు నిద్ర పట్టదనేవాళ్లకు కళ్ల మీద కట్టుకోవడానికి మెత్తటి గుడ్డ ఇవ్వండి. వీధిలో పడుకున్నవాళ్లకు దుప్పటి నిండా కప్పుకోవడం అలవాటు. అది చలికే కాదు, భయానికి కూడా. "ఇక్కడ మొహం మాత్రం బయట ఉంచు, రాత్రంతా మేం చూస్తుంటాం" అని వచ్చినప్పుడే చెప్పండి. లాగి తీయకండి. నిద్రలో ఉన్న మనిషి మీద చేయి పడితే కొట్టడానికే లేస్తారు, వీధి నేర్పింది అదే. కాళ్ల దగ్గర నిలబడి పేరు పెట్టి పిలవండి.

మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి కూలితే, ఆ శరీరమే తలుపుకు అడ్డం పడుతుంది. ఉన్న తలుపును మార్చలేకపోతే కీలు మేకులు బయటి నుంచి ఊడదీయగలిగేలా పెట్టించండి. గడియ బయటి నుంచి నాణెంతో తిప్పితే వచ్చేది కొనండి. తలుపు కింద ఒక జానెడు ఖాళీ వదిలితే కాళ్లు కనిపిస్తాయి. ఎవరైనా లోపలికి వెళ్లగానే గడియారం చూసుకోండి. అయిదు నిమిషాలకు తలుపు తట్టి పలకరించాలి, జవాబు రాకపోతే అప్పుడే తెరవాలి. జవాబు వస్తే మళ్లీ రెండు మూడు నిమిషాలకోసారి. "ఊఁ" అనేది జవాబు కాదు, మాట రావాలి. ఇలా తడతామని వచ్చిన ప్రతివాళ్లకూ ముందే చెబితే ఎవరూ అవమానంగా అనుకోరు.

ఆడవాళ్లకు వేరే గది లేదా గట్టి అడ్డుతెర, దాని తలుపు వాళ్ల చేతిలో, వంతులో ఎప్పుడూ ఒక మహిళ. ఇది కుదరని రాత్రి ఆడవాళ్లను రమ్మని పిలవకండి, వాళ్లకోసం వేరే ఏర్పాటు చూడండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు వస్తే తరిమేయకూడదు, పెద్దల మధ్య పడుకోబెట్టనూ కూడదు. పిల్లల సంరక్షణ చూసేవాళ్ల నంబరు తలుపు దగ్గర ఉండాలి, వాళ్లతో ముందే మాట్లాడి ఉంచాలి.

చుట్టు తిరగడం అరగంటకోసారి. కొత్తగా వచ్చి బాగా మత్తులో ఉన్నవాళ్ల దగ్గరకు, నిద్రమాత్రలూ మద్యమూ కలిపామని చెప్పినవాళ్ల దగ్గరకు పదిహేను నిమిషాలకోసారి. దూరం నుంచి టార్చి వేసి "పడుకున్నాడు" అనుకుంటే అది చూడటం కాదు. వంగి, ఛాతీ లేవడం ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు. పదికి తగ్గితే లేపి మాట్లాడించాలి. ఎనిమిదికి తగ్గినా, లేపినా లేవకపోయినా అది ప్రమాదమే.

గురక విషయంలో చాలా ప్రాణాలు పోయాయి. "గురక పెడుతున్నాడు, హాయిగా నిద్రపోతున్నాడు, పోనీలే" అని పక్కవాళ్లు అనుకుంటారు. మామూలు గురకకు ఒక లయ ఉంటుంది, కదిపితే మారుతుంది, మనిషి పక్కకు తిరుగుతాడు. ప్రమాదపు గురక గొంతులో నీళ్లు సుడి తిరిగినట్టు గరగరమంటుంది, మధ్యలో ఆగుతుంది, ఎంతసేపటికీ రాదు, మళ్లీ ఒక్కసారి లాగుతుంది. కదిపినా అదే తీరు. కొత్తవాళ్లకు మీ నలుగురూ నోటితో చేసి చూపించాలి, కాగితం మీద చదివితే తెలిసేది కాదు. ఒంటి రంగు నల్లగా ఉన్నవాళ్లలో నీలం రంగు సరిగా తెలియదు. పెదవుల లోపలి వైపు, గోళ్ల కింద, అరచేతుల్లో బూడిద రంగు వచ్చిందా చూడండి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు ఒకటి ఉంటే మంచిదే, కానీ చల్లబడ్డ వేళ్ల మీద, గోళ్ల రంగు మీద అది తప్పు చెబుతుంది. మీటరు కన్నా ఊపిరి లెక్కే నమ్మండి.

లేవకపోతే ఏం చేయాలో వరుసగా చెబుతున్నాం. పేరు పెట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే పిడికిలి కణుపులతో ఛాతీ మధ్య ఎముక మీద గట్టిగా రుద్దండి. అప్పుడూ కదలకపోతే రెండోవారు అంబులెన్సుకు ఫోన్ చేసి "మనిషి ఊపిరి తీసుకోవడం లేదు" అని మొదటి వాక్యంలోనే చెప్పాలి. మనిషిని వెల్లకిలా తిప్పండి, నోట్లో ఏమైనా ఉంటే తీయండి, నుదురు వెనక్కి వంచి గడ్డం పైకెత్తండి. ముక్కు మూసి, నోటితో గాలి ఊదండి, 5 సెకన్లకు ఒకసారి, ఛాతీ లేస్తోందో లేదో చూస్తూ. నోటికి అడ్డంగా పెట్టే మాస్కు వంతులో ఉన్న ప్రతివాళ్ల నడుము సంచీలో ఉండాలి. ఊపిరి ఊదడం ఆపకుండా మూడోవారు నాలోక్సోన్ (హెరాయిన్, మార్ఫిన్ లాంటి నల్లమందు జాతి మందులకు విరుగుడు) ఇవ్వాలి. ముక్కులో కొట్టే స్ప్రే అయితే ఒక ముక్కుపుటంలో ఒక డోసు, మామూలుగా దొరికేది 4 మిల్లీగ్రాములది. సూది అయితే 0.4 మిల్లీగ్రాములు, తొడ బయటి వైపు కండలో, అవసరమైతే బట్ట మీద నుంచే. రెండు మూడు నిమిషాలు ఊపిరి ఊదుతూ ఆగండి. ఊపిరి రాకపోతే రెండో డోసు. ఊపిరితో పాటు నాడి కూడా అందకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, మనిషి కళ్లు తెరిచే దాకా డోసు మీద డోసు ఇవ్వడం. మీకు కావాల్సింది ఊపిరి, మెలకువ కాదు. నిమిషానికి పది పన్నెండు సార్లు ఊపిరి వస్తుంటే, ఇంకా మగతలో ఉన్నా, పక్కకు తిప్పి పడుకోబెట్టి కూర్చోండి. అవసరానికి మించి ఇస్తే ఒళ్లంతా నొప్పులు, వాంతులు, వణుకుతో లేస్తారు, కోపంతో బయటికి వెళ్లి మళ్లీ వేసుకుంటారు. నాలోక్సోన్ ప్రభావం అరగంట నుంచి గంటన్నర వరకే. ఒంట్లో ఉన్న మందు అంతకన్నా ఎక్కువసేపు ఉండొచ్చు, అప్పుడు ఊపిరి మళ్లీ తగ్గుతుంది. లేచిన మనిషికి ఈ ఒక్క సంగతి నెమ్మదిగా చెప్పి, కనీసం రెండు గంటలు పక్కనే ఒకరు ఉండాలి. ఆ మాట చెప్పేది వాళ్లకు తెలిసిన మనిషైతే ఉంటారు. మద్యానికీ నిద్రమాత్రలకూ నాలోక్సోన్ పనిచేయదు. కానీ ఏం వేసుకున్నారో తెలియనప్పుడు ఇవ్వండి, నల్లమందు జాతి మందు ఒంట్లో లేకపోతే దానివల్ల నష్టం లేదు. ఊపిరి ఊదడం మాత్రం ఏ మత్తుకైనా పనికొస్తుంది. నాలోక్సోన్‌ను తాళం వేసిన అల్మారాలో పెట్టకండి. తాళంచెవి వెతికే నిమిషం ఎక్కడి నుంచి వస్తుంది? గోడకు తగిలించిన ఎర్ర సంచీ ఒకటి, తలుపు దగ్గర ఒకటి, నడుముకు ఒకటి. గడువు తేదీని సంచీ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. మీ దగ్గర దాన్ని ఎవరి చేతుల మీదుగా తీసుకోవాలో, ఎవరు ఇవ్వవచ్చో స్థానిక వైద్యుణ్ని అడిగి ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. మామూలు మనుషుల చేతికి కూడా ఇది అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది.

మీరు అడగలేదు కానీ, మీ హాలుకు ఎక్కువగా వచ్చేది తాగేవాళ్లే కావచ్చు. వాళ్ల విషయంలో ప్రమాదం తిరగబడి ఉంటుంది. రోజూ బాగా తాగేవాళ్లకు మద్యం ఒక్కసారిగా ఆగిపోతే ఆరేడు గంటల్లో వణుకు మొదలవుతుంది. ఆరు నుంచి 48 గంటల మధ్య మూర్ఛ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పడం, లేనివి కనిపించడం, జ్వరం వస్తే అది ప్రాణం మీదకు వచ్చిందని అర్థం, వెంటనే ఆసుపత్రికి. రాత్రి తొమ్మిదింటికి తలుపు దగ్గర సీసా లాక్కున్నారనుకోండి, తెల్లవారుజామున మూడు నాలుగింటికి మీ హాల్లో వణుకుతున్న మనిషి ఉంటాడు. సీసాకు పేరు రాసి, తలుపు దగ్గరున్నవాళ్ల దగ్గర పెట్టి, వాళ్ల సమయానికి వాళ్లకు కొంచెం కొంచెంగా తిరిగి ఇవ్వండి. మూర్ఛ వస్తే సమయం చూసుకోండి, తల కింద మెత్తటిది పెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, ఆగాక పక్కకు తిప్పండి. 5 నిమిషాలు దాటినా, వెంటనే రెండోది వచ్చినా, ఆ మనిషికి అదే మొదటిసారైనా అంబులెన్సు. తాగి పడుకున్న ప్రతివాళ్లనూ పక్కకు తిప్పి, వీపు వెనక చుట్టిన దుప్పటి ఆనించండి, వెల్లకిలా తిరిగి వాంతి గొంతులో అడ్డుపడకుండా. ఇంకొకటి, "తాగి ఉన్నాడులే" అన్న మాట కింద తలకు తగిలిన దెబ్బ దాక్కుంటుంది, షుగర్ పడిపోవడం దాక్కుంటుంది. తల తడిమి చూడండి. ఒక కంటిపాప పెద్దగా, ఒకటి చిన్నగా ఉన్నా, చెవి నుంచి రక్తం గానీ నీరు గానీ వస్తున్నా ఆగకండి.

మెత్, కొకైన్ లాంటి ఉత్తేజ మందులు వాడి రెండు మూడు రోజులు నిద్ర లేకుండా వచ్చేవాళ్లకు ఏదైనా మూల, మసక వెలుతురు, నీళ్లు, తక్కువ మాటలు కావాలి. వాళ్లకూ తలుపుకూ మధ్య నిలబడకండి. ఛాతీ నొప్పి, ఒళ్లు కాలిపోవడం, బిగుసుకుపోవడం కనిపిస్తే తడిగుడ్డలతో చల్లబరుస్తూ అంబులెన్సు పిలవండి. వాళ్లు నిద్రలోకి జారాక పన్నెండు గంటలకు పైగా లేవకపోవచ్చు. ఏడింటికి అందరినీ లేపి పంపాలన్న నియమం వాళ్లకు పనికిరాదు. ఒక మూల రెండు పడకలు మధ్యాహ్నం దాకా ఉంచగలరేమో హాలు యజమానిని ఇప్పుడే అడగండి. జిగురు, థిన్నర్ పీల్చేవాళ్లను మాత్రం అదిలించకండి, వెంటపడకండి. ఆ మత్తులో ఒక్కసారిగా భయపడితే, పరుగెత్తితే గుండె ఆగిపోవచ్చు. నెమ్మదిగా గాలి తగిలే చోటికి తీసుకెళ్లండి, దగ్గర్లో అగ్గిపుల్ల కూడా గీయకూడదు.

లోపల వాడనివ్వాలా అన్నది చట్టం ముడిపడిన ప్రశ్న. వైద్య పర్యవేక్షణలో వాడుకునే చోట్లు కొన్ని దేశాల్లో అనుమతితో నడుస్తున్నాయి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో 1986లో మొదలై, సిడ్నీలో 2001లో, వాంకోవర్‌లో 2003లో తెరిచారు. మీ దగ్గర అలాంటి అనుమతి లేకపోతే, హాలు పేరు మీద కేసు పడితే మూతపడేది హాలే, జైలుకు వెళ్లేది వంతులో ఉన్న తోటివాళ్లే. తెరిచే ముందు వకీలుతో కూర్చోండి. కానీ అనుమతి లేదని సంచులు వెతకడం, జేబులు తడమడం మొదలుపెట్టకండి. వెతికితే బయట సందులో ఒక్కరే గబగబా వేసుకుని వస్తారు, లేదా మరుగుదొడ్డిలో. ఆ తొందరలో ప్రాణాలు పోతాయి. నిజాయితీ గల మాట ఇది: "ఇక్కడ వాడటానికి మాకు అనుమతి లేదు. కానీ వాడి వస్తే లోపలికి రానిస్తాం, ఏం వాడావో చెబితే దగ్గర్లో పడుకోబెట్టి చూస్తాం, మరుగుదొడ్డి తలుపు తడతాం." అమ్మకం మాత్రం లోపల గానీ గుమ్మం దగ్గర గానీ ఒప్పుకోకూడదు. దీనికి సడలింపు లేదు.

సూదుల కోసం గట్టి ప్లాస్టిక్ డబ్బా మరుగుదొడ్డిలోనే గోడకు బిగించండి, ముప్పావు నిండగానే మార్చండి. సూదికి మళ్లీ మూత పెట్టడం వద్దు, చేత్తో ఎత్తడం వద్దు, పట్టకారు వాడండి. ఎవరికైనా గుచ్చుకుంటే పిండకుండా సబ్బునీళ్లతో కడిగి, అదే రాత్రి ఆసుపత్రికి పంపండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపు మొదలవ్వాలి, గంటలు గడిచేకొద్దీ ఫలితం తగ్గుతుంది.

నియమాలు నాలుగు చాలు, తోటివాళ్లే రాయాలి. కొట్టడం లేదు, అమ్మడం లేదు, ఇంకొకరి వస్తువు ముట్టడం లేదు, తలుపు తడితే పలకాలి. తప్పు చేసినవాళ్లను జీవితాంతం రావద్దనకండి. ఆ రాత్రికి, మరీ తీవ్రమైతే వారానికి. ఎంతకాలమో, తిరిగి ఎప్పుడు రావచ్చో చెప్పి పంపాలి.

తోటివాళ్లు నడిపేచోట వచ్చే చిక్కు వేరేలా ఉంటుంది. వంతులో ఉన్న మనిషి పడుకోవడానికి వచ్చినవారికి బాకీ ఉండొచ్చు, లేదా పాత తగాదా ఉండొచ్చు. దాచకుండా చెప్పి ఆ మనిషిని ఇంకొకరికి అప్పగించే వీలుండాలి. ఇంకా బరువైనది ఇంకొకటి. ఊపిరి ఆగినది వాళ్ల స్నేహితుడికే కావచ్చు. బతికినా సరే, ఆ రాత్రి మిగతా వంతు వాళ్లను చేయమనకండి, జీతం కోయకండి. చనిపోతే నలుగురూ కూర్చుని ఏడవడానికి చోటూ సమయమూ ఇవ్వండి, తర్వాతి రాత్రి మీ ఆరుగురూ వంతులోకి వెళ్లండి. పగటిపూట కూడా వీధిలో వాళ్లను అందరూ సాయమడుగుతారు. హాలుకు వేరే ఫోన్ పెట్టండి, వాళ్ల సొంత నంబర్లు గోడ మీద రాయకండి.

రాత్రి వివరాలు రాసుకునే పుస్తకంలో అసలు పేర్లు వద్దు. పిలిచే పేరు, వచ్చిన గంట, ఊపిరి లెక్క, ఇచ్చిన మందు, అంతే. పోలీసులతో తెరవకముందే మాట్లాడి, గుమ్మం ఎదుట బండి నిలపవద్దని అడగండి. బండి నిలిచిన రాత్రి ఎవరూ రారు. ఇరుగుపొరుగుకు ఒక ఫోన్ నంబరు ఇచ్చి, పొద్దున్న ఆరున్నరకు సందంతా తిరిగి సీసాలూ సూదులూ ఏరండి. ఫిర్యాదులు వచ్చేది ఎక్కువగా ఆ చెత్త మీదే.

తేదీ ప్రకటించే ముందు ఒక రాత్రి ఖాళీ హాల్లోనే సాధన చేయండి. పడకలు వేసి, దీపాలు తగ్గించి, మీలో ఒకరు దుప్పటి కప్పుకుని పడుకోండి, ఇంకొకరు మరుగుదొడ్డి తలుపు వెనక కూర్చోండి. ఎక్కడ, ఎప్పుడు అని వంతులో ఉన్నవాళ్లకు చెప్పకూడదు. గుర్తించిన క్షణం నుంచి నోటికి మాస్కు ఆనించే దాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. నిమిషం దాటితే ఎక్కడ ఆలస్యమైందో వెతకండి: సంచీ జిప్పా, పడకల మధ్య జాగానా, ఎవరు ఫోన్ చేయాలన్న తడబాటా. సరిచేసి మళ్లీ చేయండి. మూడుసార్లు వరుసగా నిమిషంలోపు వచ్చాక తేదీ వేసుకోండి.